తప్పుడు ఆరోపణపై ఉద్యోగం నుంచి తొలగింపు (భారతదేశం)

ఆరోపణ అబద్ధమైతే బర్తరఫు దానంతటదే చెల్లకుండా పోతుందన్న అభిప్రాయం ఉద్యోగుల్లో బలంగా ఉంది. భారత న్యాయస్థానాలు మొదట అడిగే ప్రశ్న వేరు: ఆ ఆరోపణను యాజమాన్యం ఎలా తేల్చింది? విచారణ లేకుండానో, తూతూమంత్రంగా ముగించిన విచారణతోనో తీసేస్తే ఉత్తర్వు సాధారణంగా నిలవదు. పద్ధతిగా జరిపి, కొంతైనా సాక్ష్యం చూపితే, ఆ తేల్చింది పొరపాటే అయినా కొట్టేయించడం కష్టం.

పద్ధతి అంటే ఛార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, సాక్షులకు ఎదురు ప్రశ్నలు వేయనివ్వాలి. విచారణాధికారి నివేదిక ప్రతిని శిక్షకు ముందే ఉద్యోగి చేతికివ్వాలని హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో స్థిరపరిచింది. ఇవ్వకపోవడం వల్ల తనకు నష్టం జరిగిందని చూపాల్సింది మాత్రం ఉద్యోగే.

క్రిమినల్ కేసులో నేరం సందేహాతీతంగా రుజువు కావాలి. శాఖాపరమైన విచారణకు ‘జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం’ అన్నంత నమ్మకం చాలు. అందుకే కోర్టులో నిర్దోషిగా బయటపడ్డవారికీ ఉద్యోగం తిరిగి రాకపోవచ్చు. అలాగని ఏ కాగితమైనా సాక్ష్యం కాదు. ఎఫ్ఐఆర్, పోలీసుల ముందు ఒప్పుకోలు వంటివి సాక్షి వచ్చి రుజువు చేయకుండా లెక్కలోకి రావని పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

భారత్ గోల్డ్ మైన్స్ కేసు ఈ విషయంలో తరచూ ఉదహరించేది. కోలార్ గనుల భద్రతాధికారి ఇంట్లో 1985లో పోలీసులు సోదా చేసి బంగారం దొరికిందన్నారు. సస్పెండ్ చేసిన యాజమాన్యం జీవనభృతి ఇవ్వలేదు. కేరళలోని సొంతూరు వెళ్లిన ఆయన దగ్గర విచారణకు రావడానికి ఛార్జీలకూ డబ్బు లేదు. విచారణ ఏకపక్షంగా ముగిసి ఉద్యోగం పోయింది. తర్వాత క్రిమినల్ కోర్టు సోదాయే రుజువు కాలేదని కేసు కొట్టేసింది. శాఖాపరమైన విచారణలోనూ కోర్టులోనూ అదే సోదా, అవే సాక్ష్యాలు కాబట్టి, బర్తరఫును సుప్రీంకోర్టు 1999లో రద్దు చేసింది. ఆకలితో ఉన్నవాణ్ని విచారణకు పిలవడమూ ఒక అన్యాయమేనని ఈ తీర్పు గుర్తించినట్టయింది.

రక్షణ అందరికీ సమానంగా లేదు. ప్రభుత్వ ఉద్యోగికి రాజ్యాంగం 311వ అధికరణం అండ. కార్మికుల విషయంలో, శిక్షను తిరగతోడే అధికారాన్ని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11ఎ సెక్షన్ లేబర్ కోర్టుకు ఇచ్చింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ప్రైవేటు సంస్థల మేనేజర్ల పరిస్థితి అన్నిటికన్నా బలహీనం. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని కోర్టులు బలవంతంగా కొనసాగించవు. గెలిచినా సాధారణంగా దక్కేది నోటీసు కాలపు జీతమే.

లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టంలో విడి నిబంధన ఉంది: దురుద్దేశంతో చేసిన తప్పుడు ఫిర్యాదుపై చర్యకు వీలుంది గాని, రుజువు చేయలేకపోయినంత మాత్రాన చర్య కుదరదు.

తొలగింపు అక్రమమని తేలితే తిరిగి కొలువు, పాత జీతం బకాయిలు ఇవ్వడమే మామూలు నియమమని 2013లో సుప్రీంకోర్టు అంది. ఆ కాలంలో తనకు వేరే సంపాదన లేదని ఉద్యోగి మొదట చెప్పాలి; ఉందని నిరూపించే భారం ఆపై యాజమాన్యానిది.