చలికాలం అరకు డ్రైవ్: ఆ కొండల్లో స్థలం మనకెందుకు అమ్మరు?

డిసెంబరు వచ్చిందంటే మా విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లకి ఒకటే ప్లాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, స్వెట్టర్ తగిలించుకోవడం, ఎస్.కోట మీదుగా అరకు ఎక్కేయడం. నేనూ అంతే. బీటెక్ రోజుల్లో బైకు మీద వెళ్లేవాణ్ణి, ఉద్యోగం వచ్చాక కారులో, ఇప్పుడు కెమెరాతో. దారిలో గాలికొండ వ్యూపాయింట్ దగ్గర టీ తాగుతూ, కింద పరుచుకున్న మంచు చూస్తూ ప్రతివాడూ ఒక మాట అంటాడు: "ఇక్కడ ఒక అరెకరం కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకుంటే భలే ఉంటుందిరా!"

కొనలేం. ఎందుకు కొనలేమో తెలుసుకుంటే, ఆ కొండలు ఇంకా అలా ఎందుకు మిగిలాయో కూడా తెలుస్తుంది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు దారి చూద్దాం. ఎస్.కోట, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. పక్కనే కొత్తవలస-కిరండూల్ రైలు లైను కూడా ఎక్కుతుంటుంది. టూరిస్టులు ఇప్పుడు అద్దాల బోగీలో కూర్చుని వెళ్తున్నారు గానీ, 1960ల్లో ఆ లైను వేసింది మనకోసం కాదు. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి వేశారు. ఆ లైను మీదున్న శిమిలిగూడ స్టేషన్ ఎత్తు సుమారు 996 మీటర్లు. ఇక రోడ్డు మీద అనంతగిరి, బొర్రా జంక్షన్, కాఫీ తోటలు, సుంకరిమెట్ట, ఆ తర్వాత అరకు. కిందనున్న ఎస్.కోట విజయనగరం జిల్లా. పైనున్నది 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా, అంతకుముందు విశాఖపట్నం జిల్లా.

బొర్రా గుహల గురించి నెట్‌లో ఒక లైను తిరుగుతుంటుంది: "1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి కనిపెట్టాడు" అని. ఆ సంస్థ పుట్టిందే 1851లో! అయినా తరతరాలుగా కొండదొర, బగత, కోటియా లాంటి తెగల వాళ్లు బతుకుతున్న చోటిని బయటినుంచి వచ్చినవాడు "కనిపెట్టడం" ఏంటి? అక్కడ ముందునుంచీ మనుషులున్నారు. ఈ కథంతా వాళ్ల భూమి గురించే.

మనం కొండ ప్రాంతాన్ని "ఏజెన్సీ" అంటాం కదా, ఆ మాట ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? 1830ల్లో పర్లాకిమిడి, పాలకొండ వైపు కంపెనీ పాలన మీద తిరుగుబాట్లు జరిగాయి. మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా పంపింది. తిరుగుబాట్లని అణిచేశారు. కానీ మైదానంలో నడిచే కోర్టులు, రూల్సు కొండల్లో నడవవని వాళ్లకి అర్థమైంది. 1839లో ఒక చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు పాలన నుంచి విడదీశారు. కలెక్టరే అక్కడ "ఏజెంట్ టు ది గవర్నర్". ఏజెంట్ పాలించేది ఏజెన్సీ. మా శ్రీకాకుళం పల్లెల్లో ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మ కూడా వాడే మాట వెనక ఒక తిరుగుబాటు ఉందన్నమాట.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తాను, అలవాటైపోయింది. భూమి చట్టానికి వెర్షన్ వన్ 1917లో వచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోవాలంటే ఏజెంట్ అనుమతి ఉండాలి, లేకపోతే చెల్లదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద వెర్షన్ టూ, అంటే 1959 నాటి ఒకటో రెగ్యులేషన్. బాగానే ఉంది. కానీ అది అమలు కావడానికి కావలసిన రూల్స్ వచ్చింది 1969లో. పదేళ్లు! పైగా అందులో పెద్ద బగ్ ఒకటుంది. అప్పటికే కొండమీద భూమి సంపాదించిన షావుకారు ఇంకో షావుకారుకి అమ్ముకోవచ్చు. అంటే అప్పుకింద ఒకసారి చెయ్యి జారిన పొలం మైదానం వాళ్ల మధ్యే తిరుగుతూ ఉంటుంది, గిరిజనుడి దగ్గరికి తిరిగి రాదు.

ఆ పదేళ్లలో శ్రీకాకుళం కొండల్లో ఏం జరిగిందో మీ తాతల్ని అడిగితే చెప్తారు. సవరలు, జాతాపులు షావుకార్ల అప్పుల్లో, భూస్వాముల వెట్టిలో నలిగిపోయారు. వెంపటాపు సత్యం అనే బడి పంతులు వాళ్లని సంఘంగా కూడగట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడినుంచి పోరాటం సాయుధ పోరాటమైంది. రెండు వైపులా ఎంతోమంది ప్రాణాలు పోయాయి. 1970 జులైలో సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా చనిపోయారు. ఆ దారి సరైనదా కాదా అన్నది వేరే చర్చ, ఇంట్లోనే రెండు అభిప్రాయాలుంటాయి.

కానీ తేదీలు చూడండి. పోరాటం మంచి జోరు మీదున్న 1970 ఫిబ్రవరిలోనే ప్రభుత్వం ఆ బగ్‌కి ప్యాచ్ వేసింది. అదే 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇకమీదట గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది వాడే. దీన్ని సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు కూడా సరైనదేనంది. గాలికొండ దగ్గర మన అరెకరం కల ఆగిపోయేది ఇక్కడే.

ఇంకో పెద్ద ప్రశ్న మిగిలింది. మనకి అమ్మరు సరే, ప్రభుత్వం తన భూమిని కంపెనీకి లీజుకిస్తే? సరిగ్గా మనం వెళ్లే దారిలోనే, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో కాల్సైట్ లాంటి ఖనిజాలకి లీజులిచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలలో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. మెజారిటీ తీర్పులో కీలకం ఒక్క మాటే: చట్టంలోని "వ్యక్తి" అన్న పదంలో ప్రభుత్వం కూడా వస్తుంది. కాబట్టి ప్రభుత్వం కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి ఆ భూమి లీజుకివ్వకూడదు. తవ్వితే ప్రభుత్వ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకి, బడులకి, వైద్యానికి పక్కన పెట్టాలి. ఒక్క పదానికి అర్థం చెప్తే కొండలు నిలబడ్డాయి!

అక్కడితో అయిపోలేదు. 2005లో ప్రభుత్వ సంస్థ బాక్సైట్ తవ్వి ఇస్తుంది, ఎస్.కోట దగ్గర జిందాల్ వాళ్లు ఫ్యాక్టరీలో శుద్ధి చేస్తారు అని ఒప్పందం కుదిరింది. తీర్పుని దాటకుండా పక్కనుంచి వెళ్లే దారి అన్నమాట. కొండమీద గిరిజనులు, కింద రైతులు ఎదురు తిరిగారు. ఆ ఫ్యాక్టరీ రాలేదు. ఈ చలికాలం మీరు ఫొటో తీసుకునే గాలికొండ పేరు కూడా ఆ బాక్సైట్ కొండల లిస్టులో ఉంది.

అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు పెట్టినప్పుడు, అక్కడ తరతరాలుగా తిరిగిన షోషోనీ లాంటి తెగల్ని బయటికి పంపించి, "ఇది మనుషుల్లేని ప్రకృతి" అని చూపించారు. మన అరకు ఘాట్ నేషనల్ పార్కు కాదు. ఇక్కడ మనుషులు ఉండగానే కొండ మిగిలింది. వాళ్లు ఉండబట్టే మిగిలిందని నా అభిప్రాయం.

అలాగని అంతా బాగుందని చెప్పను. మన కారు జారుకుంటూ పోయే రోడ్డుకి కాస్త దూరంలోనే, పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. చట్టం భూమిని కాపాడింది గానీ అంబులెన్సుని తీసుకురాలేదు. బినామీ పేర్ల మీద స్థలం ఇప్పిస్తామనే బ్రోకర్లూ ఉన్నారు. "మనకి తెలిసిన గిరిజనుడి పేరు మీద పెడదాం సార్" అంటారు. అది అతనికి మోసం, మీకు కేసు.

కాబట్టి ఈ శీతాకాలం తప్పకుండా వెళ్లండి. పసుపచ్చగా పూసిన వలిసె చేను కనిపిస్తే అడగకుండా దిగి తొక్కకండి, అది సెల్ఫీ పాయింట్ కాదు, నూనె గింజల పంట. పది రూపాయలు అడిగితే ఇవ్వండి. కాఫీ గింజలు అక్కడి వాళ్ల దగ్గరే కొనండి. స్థలం మాత్రం అడగకండి. అది అమ్మకానికి లేకపోవడం వల్లే మనం చూడ్డానికి మిగిలింది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఘాట్‌లో హారన్ కొట్టండి, మెల్లగా వెళ్లండి. ఉంటానండి.