సిస్టర్ చేసిన తప్పు ఎవరి ఖాతాలో?

హిల్యర్ అనే ఆయనను లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో మత్తు ఇచ్చి పరీక్ష కోసం బల్ల మీద పడుకోబెట్టారు. స్పృహలోకి వచ్చి చూసుకుంటే ఒక చేయి కాలింది, రెండోది నలిగింది. చేతులు బల్ల అంచున వేలాడుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. బల్ల కిందనుంచి పొడుచుకొచ్చిన వేడి డబ్బా ఒక చేతికి తగిలింది, ఎవరో రెండో చేతిని ఒత్తుకుని నిలబడ్డారు. రోగి స్వయానా వైద్యుడే. దావా వేశాడు, ఓడిపోయాడు. ఆసుపత్రి చేయాల్సిందల్లా సమర్థులైన వాళ్లను ఎంచుకోవడమేనని, ఆపరేషన్ గదిలోకి అడుగుపెట్టాక నర్సు సర్జన్ మాట వినాలే తప్ప ఆసుపత్రి మాట కాదని, అక్కడ జరిగినదానికి యాజమాన్యానికి పూచీ లేదని 1909లో కోర్టు చెప్పింది.

అప్పటి ఆసుపత్రులు దాతల సొమ్ముతో నడిచేవి. ఆ సొమ్ము నష్టపరిహారాలకు పోతుందన్న బెంగ ఈ తీర్పు వెనుక ఉందనే నా అనుమానం. నర్సు వార్డులో ఆసుపత్రి ఉద్యోగి, థియేటర్లో సర్జన్ చేయి. తన బుద్ధితో పనిచేసే మనిషిగా మాత్రం ఆమె ఎక్కడా లెక్కలోకి రాలేదు.

ఈ సిద్ధాంతం ఎంత విడ్డూరమో 1936 నాటి మరో ఇంగ్లిష్ కేసు చూపించింది. రోగికి ఆపరేషన్‌కు ముందు 6 డ్రాముల పారాల్డిహైడ్ ఇవ్వాలి. ఇచ్చింది 6 ఔన్సులు. ఔన్సుకు 8 డ్రాములు, అంటే ఎనిమిదింతలు. రోగి చనిపోయింది. కోర్టు ఆసుపత్రిని వదిలేసి బాధ్యతను నర్సుల మీదే పెట్టింది. జీతం ఆసుపత్రిది, పరువు ఆసుపత్రిది, పరిహారం మాత్రం నర్సుది! ఆమె జీతంలోంచి ఆ కుటుంబానికి ఏం వస్తుందో ఎవరూ అడిగినట్టు లేదు.

ఈ తీరు మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1942లో ఎక్స్‌రే సిబ్బంది తప్పుకు ఆసుపత్రిని నడిపే కౌంటీ కౌన్సిలే బాధ్యత వహించాలన్నారు. 1951లో కాసిడీ కేసు వచ్చింది. బిగుసుకుపోయిన రెండు వేళ్లు బాగవుతాయని వెళ్లిన మనిషి, నాలుగు వేళ్లూ పనికిరాకుండా బయటికొచ్చాడు. కట్టు కట్టి ఉన్నన్నాళ్లూ నొప్పి, నొప్పి అని మొత్తుకుంటే మత్తుమందులిచ్చి ఊరుకోబెట్టారు. తప్పు ఏ ఒక్కరిదో రోగి వేలెత్తి చూపనక్కర్లేదని, తన సిబ్బంది నిర్లక్ష్యానికి ఆసుపత్రే జవాబుదారీ అని అప్పీలు కోర్టు తేల్చింది.

దీనికంటే నాకు ముఖ్యమనిపించేది అమెరికాలో, ఇలినాయ్ రాష్ట్రంలో నడిచిన డార్లింగ్ కేసు. 18 ఏళ్ల కుర్రాడు, కాలేజీ ఫుట్‌బాల్ ఆటలో కాలు విరిగింది. డాక్టరు వేసిన పిండికట్టు బిగుతైంది. కాలివేళ్లు వాచి, నల్లబడి, చల్లబడ్డాయి. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. నర్సులు ఆ వేళ్లను ఘడియఘడియకూ చూడాల్సిందని, డాక్టరు కదలకపోతే పైవాళ్లకు చెప్పాల్సిందని 1965లో అక్కడి సుప్రీంకోర్టు అంది. చెప్పింది చేయడం ఒక్కటే ఆమె పని కాదన్న మాట అక్కడ స్పష్టంగా వినబడుతుంది. డాక్టరుగారు చెప్పారన్నది ఆ తర్వాత పూర్తి సాకు కాలేదు.

మన దగ్గర కథ రిజిస్టరుతో మొదలైంది. 1908లో నర్సుల సంఘం పుట్టింది. 1926లో మద్రాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి మన నర్సుల నమోదుకూ పునాది అదే. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. పేరు రిజిస్టరులో ఉంటే అర్హత ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కోర్టులో నిలబడ్డ రోజున దాని బరువు తెలుస్తుంది.

తెలిసింది కూడా. 1993 డిసెంబరులో నోయిడాలో ఒక పసివాడు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరాడు. 30వ తేదీ ఉదయం నర్సు తండ్రిని పిలిచి ఒక ఇంజెక్షన్ తెమ్మంది. ఆయన తెచ్చాడు, ఆమె నరానికి ఎక్కించింది, పిల్లాడు తల్లి ఒళ్లోనే కుప్పకూలాడు. పెద్ద డాక్టరు చెప్పిన మందు క్లోరోమైసిటిన్, అదీ డ్యూటీ డాక్టరే స్వయంగా ఇవ్వాలని. ఎక్కినది లారియాగో, మలేరియాకు వాడే క్లోరోక్విన్. గుండె ఆగింది. ప్రాణం నిలిచింది గానీ మెదడు దెబ్బతిని పిల్లాడు మంచానికే అంటుకుపోయాడు. విచారణలో తేలిందేమిటంటే, ఆ నర్సు పేరు ఏ రాష్ట్రపు నర్సింగ్ కౌన్సిల్లోనూ లేదు.

1998లో సుప్రీంకోర్టు పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షలు ఇవ్వాలన్న తీర్పును నిలబెట్టింది. ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే శాంత కేసులో తేలిపోయింది కాబట్టి సివిల్ కోర్టులో ఏళ్లూపూళ్లూ తిరగనక్కర్లేకపోయింది. ఈ కేసులో తప్పు సూది పొడిచిన నర్సుదే అని నేను అనలేను. అర్హత లేని మనిషిని వార్డులో నిలబెట్టిన యాజమాన్యం, ఇంజెక్షన్‌ను ఆమె చేతికి వదిలేసిన డ్యూటీ డాక్టరు ఆమెకు ముందే వరుసలో ఉన్నారు. కోర్టూ దాదాపు అలాగే చూసింది.

డబ్బు పరిహారం సంగతి ఇలా దారిలో పడింది. జైలు సంగతి వేరు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే పాత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉండేది. డాక్టరుకూ నర్సుకూ ఒకటే కొలత. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, ఘోరమైన నిర్లక్ష్యమైతేనే క్రిమినల్ కేసు అని, నిష్పాక్షిక వైద్యుడి అభిప్రాయం లేకుండా పోలీసులు ముందుకెళ్లకూడదని చెప్పింది. అక్కడా మొదలు ఒక వార్డులోనే: ఊపిరాడని ముసలాయనకు పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీ. అంతకుముందు కొడుకు పిలిస్తే డ్యూటీ నర్సు డాక్టర్లకు కబురు పెట్టింది, వాళ్లు వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. అయితే తీర్పులోని మార్గదర్శకాలు రాసింది డాక్టర్లను ఉద్దేశించి.

2023లో పాత కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. నర్సుల నడవడిని, నమోదును చూసుకోవడానికే అందులో ఒక బోర్డు ఉంది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన భారతీయ న్యాయ సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 106వ సెక్షన్ నిర్లక్ష్య మరణానికి శిక్షను ఐదేళ్ల దాకా పెంచింది. వైద్యం చేస్తుండగా రిజిస్టర్డ్ వైద్యుడి చేతిలో జరిగితే మాత్రం రెండేళ్లే. ఆ వైద్యుడంటే ఎవరో కిందనే వివరణ ఇచ్చారు: జాతీయ లేదా రాష్ట్ర వైద్య రిజిస్టరులో పేరున్న వాళ్లు. నర్సింగ్ రిజిస్టరు ప్రస్తావన అందులో లేదు. సెక్షన్ను ఉన్నదున్నట్టు చదివితే, ఒకే మంచం దగ్గర, ఒకే తప్పు మందు, డాక్టరు ఎక్కిస్తే రెండేళ్లు, ఆయన చెబితే సిస్టర్ ఎక్కిస్తే ఐదేళ్లు.