ఆస్కోవ్ గాలిమర

డెన్మార్కు దేశమున, యూట్లండు ద్వీపకల్పమందలి ఆస్కోవ్ అను చిన్న గ్రామములో, పల్లెజనులకు విద్య గఱపుటకై వెలసిన ప్రజావిద్యాలయ మొకటి కలదు. అచట అధ్యాపకుడైన పౌల్ లా కూర్, 1891లో ప్రభుత్వ ధనసాహాయ్యముతో ఒక గాలిమరను నిలిపి, దానిచే విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో నీటిని విడగొట్టి, లభించిన ఉదజనిని నిలువచేసి బడిలో దీపములు వెలిగించెను. ప్రయోగము అద్భుతమే, అయినను దానికంటె మిన్నగా నాకు తోచునది, ఆయన గ్రామయువకులకు విద్యుత్పని నేర్పుటకై నడిపిన తరగతులు. 1904లో అట్లు చేరిన యోహానెస్ యూల్ అను బాలుడే, అర్ధశతాబ్దము గడచిన పిదప, 1957లో గెడ్సర్ తీరమున 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిర్మించి, పెనుగాలికి అది అదుపు తప్పినచో రెక్కల కొసలే మెలిదిరిగి వేగము నణచునట్లు అమర్చెను. పదేండ్లు నడచిన ఆ మర, చౌకయైన చమురుతో పోటీపడజాలక, 1967లో నిలిచిపోయెను.

1973లో చమురు ధర మిన్నంటగా, తన ఇంధనావసరములలో తొంబది శాతమునకు పైగా దిగుమతి చమురుపైననే ఆనియున్న డెన్మార్కు, ఆదివారములందు కార్లు తిరుగరాదని శాసించవలసిన దుస్థితికి వచ్చెను. 1976లో ఇంధన వ్యవహారములకై ప్రత్యేక కార్యాలయము వెలసినది. ఆ యేటి ప్రణాళిక అణువిద్యుత్తును ఆశించెను. ప్రజలు ఒప్పలేదు. ఊరూర చర్చలు సాగి, 1985 మార్చిలో పార్లమెంటు అణువిద్యుత్తును ప్రణాళికనుండి తొలగించెను.

ఆ చర్చలు సాగుచున్న కాలముననే గాలిమరల విషయమున అసలు కార్యము జరిగినది. 1978లో, అణుపరిశోధనకై నిర్మించిన రిసో కేంద్రపు ఆవరణలోనే, గాలిమరలను పరీక్షించు చిన్న విభాగ మొకటి ప్రారంభమైనది; మరుసటి యేట, మర కొనువారికి వెలలో 30 శాతము ప్రభుత్వము భరించునట్లు, అయితే రిసోవారి ఆమోదము పొందిన నమూనాకు మాత్రమే ఆ సాయ మందునట్లు చట్టమైనది. ధనమును పరీక్షతో ముడివేసిన ఈ చిన్న షరతులోనే ఆ దేశపు విజయరహస్య మున్నదని నా దృఢవిశ్వాసము. వ్యవసాయ పనిముట్లు చేయు వెస్టాస్ వంటి కార్ఖానాలవారు తమ మరలను తెచ్చి చూపుదురు. ఇంజనీర్లు లోపము చెప్పుదురు. వారు దిద్దుకొని మరల తెత్తురు. అదుపు తప్పిన మరను ఆపుటకు రెక్కలలోనే నిరోధక ముండవలెనని రిసోవారు పట్టుపట్టగా, యూల్ నాటి గెడ్సర్ ఉపాయమే మరల ప్రాణము పోసికొన్నది. అదే కాలమున జర్మనీ, గ్రోవియాన్ అను 3 మెగావాట్ల మహాయంత్రమును ఒక్క అంగలో నిలుపబోయి, కొలదికాలముననే దానిని విప్పివేయవలసి వచ్చినది. డెన్మార్కువారు 22 కిలోవాట్లతో, 55 కిలోవాట్లతో, మెట్టు వెంట మెట్టుగా ఎక్కిరి.

ఆ మరలకు యజమానులును పల్లెవారే. ఇరుగుపొరుగు కుటుంబములు వాటాలు వేసికొని సంఘముగా ఏర్పడి మరను కొనగా, దాని విద్యుత్తును తంతికి కలుపుకొని వెల చెల్లించు బాధ్యత విద్యుత్ సంస్థలపై పడినది. లక్షకు పైగా కుటుంబములు ఇట్లు భాగస్వాములైనవి. 1991లో విండెబీ వద్ద 11 మరలతో లోకమున మొట్టమొదటి సముద్రపు గాలిక్షేత్రము వెలసెను. 2000లో కోపెన్‌హాగెన్ నగరపు రేవు కెదుట మిడెల్‌గ్రుండెన్‌లో నిలిచిన 20 మరలలో సగము, ఎనిమిదివేలకు పైగా సభ్యులున్న సహకార సంఘమునకు చెందినవి.

2001లో ప్రభుత్వము మారి ప్రోత్సాహకములు కుదించుకొనిపోగా, కొన్నేండ్లపాటు క్రొత్త మరల నిర్మాణము దాదాపు స్తంభించినది. వీచు గాలి అదియే, పనివారును వారే. లోపించినది రాజధానిలోని నిశ్చయ మొక్కటే. ఆ అనుభవముచేత గాబోలు, 2012లో ఇంధన ఒప్పందమును ఏ ఒక్క పక్షమో చేయక, పార్లమెంటులోని 179 స్థానములలో 171 స్థానములు గల పక్షములన్నియు కూడి సంతకము చేసినవి. 2019 నాటికి ఆ దేశపు విద్యుద్వినియోగములో సగమునకు చేరువగా గాలియే సమకూర్చినది.