యూదు–క్రైస్తవ సంవాదం

యూదులు, క్రైస్తవులు మతమార్పిడి ఉద్దేశం లేకుండా, పరస్పర గౌరవంతో తమ విశ్వాసాలను చర్చించుకునే ప్రక్రియ. ఏసుక్రీస్తు యూదుడు, హీబ్రూ బైబిలు రెండు మతాలకూ పవిత్ర గ్రంథం. అయినా ఏసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేసిన బోధ ఐరోపాలో శతాబ్దాలపాటు ద్వేషాన్ని పెంచింది.

చరిత్ర: మధ్యయుగాల్లో జరిగినవి సమానుల చర్చలు కావు. 1263లో బార్సిలోనాలో అరగాన్ రాజు సమక్షంలో యూదు మతం పక్షాన వాదించిన రబ్బీ (యూదు మతగురువు) నహ్మనిడీస్ ఆ తర్వాత దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది.

నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను హతమార్చాక క్రైస్తవ లోకం ఆత్మపరిశీలనకు పూనుకుంది. 1947లో స్విట్జర్లాండ్‌లోని సీలిస్‌బర్గ్‌లో జరిగిన సదస్సు క్రైస్తవ బోధను సరిదిద్దేందుకు పది సూత్రాలు ప్రకటించింది. ఇందులో ఫ్రెంచి చరిత్రకారుడు జూల్స్ ఐజాక్ కృషి ముఖ్యమైనది. భార్యనూ కుమార్తెనూ నాజీల చేతిలో పోగొట్టుకున్న ఆయన, 1960లో 23వ జాన్ పోపును కలిసి ఇదే విషయం విన్నవించారు. కాథలిక్ చర్చి రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటన, ఏసు మరణానికి యూదు జాతిని నిందించడం తగదని తేల్చింది. 1986లో రెండవ జాన్ పాల్ పోపు రోమ్‌లోని యూదుల ప్రార్థనాలయాన్ని సందర్శించారు. క్రైస్తవుల్లో వచ్చిన ఈ మార్పుకు 2000లో అమెరికా యూదు పండితులు ‘దబ్రూ ఎమెత్’ ప్రకటనతో స్పందించారు.

పరిమితులు: సామాజిక విషయాల్లో సహకారం మంచిదే గాని, అంతరంగ విశ్వాసం చర్చాంశం కారాదని రబ్బీ జోసెఫ్ సొలొవైచిక్ 1964లో వాదించారు. అయినా, ఎదుటివారి విశ్వాసాన్ని వారి మాటల్లోనే అర్థం చేసుకోవడం ఈ సంవాదానికి మూలసూత్రం.