పుదీనా సీసా నుంచి పైపుల తోట దాకా

మేడ మీద పీవీసీ పైపుల్లో, మట్టి లేకుండా పాలకూర, లెట్యూస్ పెంచే పద్ధతి గురించి చెప్పేవాళ్లు చాలామంది కథను బాబిలోన్ వేలాడే తోటల దగ్గర ఎత్తుకుంటారు. మధ్యలో మెక్సికో సరస్సుల్లోని చినాంపాలను పలకరించి, ఒక్క గంతులో అంతరిక్ష కేంద్రానికి చేరుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చినాంపాలు సరస్సు అడుగు నుంచి తోడిన బురదతో కట్టిన మళ్లు. బాబిలోన్ తోటలు అసలు ఉండేవో లేదో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. మొక్క వేళ్ల నుంచి మొదట మట్టిని తీసేసినవాళ్లకు పంట మీద ఆశే లేదు. మొక్క ఏం తింటుందో చూద్దామంటే మట్టి అడ్డం వస్తోందని తీసేశారు.

ఆ ఆరా వాన్ హెల్‌మాంట్ అనే ఫ్లాండర్స్ వైద్యుడిది, కాకపోతే ఆయన మట్టిని తీసేయలేదు, తూచాడు. ఆయన 200 పౌండ్ల ఎండు మట్టిని తూచి తొట్టిలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లకు ఎదిగింది. మట్టిలో తగ్గింది రెండు ఔన్సులు. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తీర్మానించాడు. ఆయన పోయాక, 1648లో ఈ సంగతి అచ్చయింది. బొగ్గు కాలితే వెలువడే వాయువును గుర్తించింది కూడా ఈ హెల్‌మాంటే. దానికీ తన చెట్టుకూ ఉన్న చుట్టరికం మాత్రం ఆయనకు తట్టలేదు. లెక్కలోకి రాదనుకుని వదిలేసిన ఆ రెండు ఔన్సుల చుట్టూనే తర్వాతి కథంతా నడిచింది.

1691లో ఇంగ్లండ్‌లో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కలను గాజు సీసాల్లో పెట్టి 77 రోజులు పెంచాడు. ఊటనీళ్లలో ఉన్నది 15 గ్రెయిన్లు, వాననీళ్లలోది పదిహేడున్నర, థేమ్స్ నది నీళ్లలోది 26 గ్రెయిన్లు బరువు పెరిగాయి. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. తోటమట్టి కలిపిన నీళ్లలో ఎదుగుదల ఇంకా బాగుంది. నీళ్లు ఎంత మురికైతే మొక్క అంత ఏపుగా పెరుగుతోందంటే, తిండి నీళ్లలో కాక అందులో కరిగినదాంట్లో ఉందన్నమాట. 1699లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఆ కరిగినదేమిటో తేలడానికి 1860 దాకా ఆగాల్సి వచ్చింది. జర్మనీలో జూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్, పొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, కాస్త ఇనుము నీళ్లలో కలిపి మొక్కలను పెంచి చూపించారు. ఇక పద్ధతి చేతికొచ్చింది. ద్రావణంలో ఒక మూలకం తీసేయడం, మొక్కకు ఏం జబ్బు చేస్తుందో చూడటం. మొక్కకు జింకు లేకపోతే బతుకు లేదని 1926లో కాలిఫోర్నియాలో తేలింది ఇలాగే. పొలానికి జింకు సల్ఫేటు వేసే వరి రైతు కూడా ఒక రకంగా ఆ గాజు సీసాలకు వారసుడే.

సీసా తోటగా మారడం వెనక ఒక పెద్ద తగవు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో పనిచేసే విలియం గెరికే 1929లో ఈ పద్ధతితో పంటలే పండించవచ్చన్నాడు. ఇంటి పెరట్లోనే 25 అడుగుల టమాటా తీగలు పెంచాడు. పత్రికలు ఎగబడ్డాయి. పొలాలతో ఇక పనిలేదన్న రాతలూ వచ్చాయి. హైడ్రోపోనిక్స్ అన్న పేరు 1937లో ఆయన రాతలతోనే ప్రచారంలోకి వచ్చింది. ద్రావణంలో ఏమేం కలిపావని విశ్వవిద్యాలయం అడిగితే మాత్రం, సొంత సమయంలో ఇంటి దగ్గర చేసుకున్న పని కాబట్టి చెప్పనని భీష్మించుకున్నాడు. నిజానిజాలు తేల్చే పని డెనిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్‌ల మీద పడింది. మంచి నేలలో వచ్చే దిగుబడి కంటే ఇందులో ఎక్కువేమీ రాదని 1938లో వాళ్లు తేల్చి చెప్పారు. ద్రావణం తయారీని కూడా అందరికీ అర్థమయ్యేలా అచ్చువేశారు. గెరికే కొలువు వదిలి వెళ్లిపోయాడు. ఇవాళ ప్రయోగశాలల్లో హోగ్లండ్ ద్రావణం పేరు తెలియనివాళ్లు ఉండరు. ఊదరగొట్టినవాడి కంటే చప్పగా నిజం చెప్పినవాళ్లే ఈ విద్యకు ఎక్కువ మేలు చేశారనిపిస్తుంది.

నేల లేనిచోట మాత్రం ఈ పద్ధతికి పోటీ లేదు. పసిఫిక్ మధ్యలోని వేక్ దీవిలో ఆగే పాన్ అమెరికన్ విమాన ప్రయాణికులకు 1930ల చివర తొట్లలో కూరగాయలు పండించి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం అసెన్షన్ దీవిలో, ఆ తర్వాత జపాన్‌లోని చోఫులో ఇదే పని పెద్దయెత్తున చేసింది.

భారతదేశపు వంతు ఇక్కడే వస్తుంది, అదీ కొండల్లో. 1946లో అప్పటి డార్జిలింగ్ జిల్లా కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ప్రయోగాలు మొదలుపెట్టాడు. పంపులు, ఖరీదైన ట్యాంకులు సామాన్యుడి వల్ల కావని అతని వాదన. తొట్టిలో రాతిముక్కలు, ఇసుక నింపి, ఎరువు లవణాలను పొడిగానే పైన చల్లి, నీళ్లు పోస్తే చాలన్నాడు. ఈ బెంగాల్ పద్ధతి మీద అతని పుస్తకం 1951లో వచ్చింది. ఇంటి మేడను, పెరటిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించినవాళ్లలో అతను ముందువరసలో ఉంటాడు. ఎందుకో మన మిద్దెతోటల వాళ్ల మాటల్లో అతని పేరు పెద్దగా వినిపించదు.

తర్వాత ప్లాస్టిక్ వచ్చి పని తేలిక చేసింది. ఇంగ్లండ్‌లో అలెన్ కూపర్ వాలుగా పెట్టిన కాలువల్లో పల్చటి నీటిపొర నిరంతరం పారే పద్ధతిని రూపొందించాడు. మన మేడల మీది రంధ్రాల పైపులు దాని సంతానమే. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పంపును కూడా తీసేశాడు. మూత ఉన్న డబ్బాలో ద్రావణం పోసి, మూతకు చేసిన రంధ్రంలో మొక్కను నిలబెట్టడమే. నీళ్లు తగ్గేకొద్దీ పైన మిగిలిన ఖాళీలో కొన్ని వేళ్లు గాలి పీలుస్తాయి, కింది వేళ్లు నీళ్లు తాగుతాయి. కరెంటు పోయినా బెంగ లేదు. డబ్బాలోకి వెలుతురు పోతే నాచు పడుతుంది, మూత సరిగా లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

బజారులో దొరికే పోషక ద్రావణం ఎ, బి అని రెండు సీసాల్లో రావడం వ్యాపారపు ఎత్తుగడేమీ కాదు. కాల్షియాన్ని సల్ఫేటు, ఫాస్ఫేట్లతో చిక్కగా కలిపితే గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది, వేళ్లకు అందదు. అందుకే ఒకదాన్ని నీళ్లలో పలుచన చేశాకే రెండోది కలపాలి. అవి కూడా నాప్ నాటి లవణాల వంటివే కాబట్టి, పురుగుమందు కొట్టకుండా పెంచినా ఈ ఆకుకూరకు ‘రసాయనాలు లేనిది’ అని చీటీ అంటించడం న్యాయం కాదు.

మన ఊళ్లలో అసలు చిక్కు ఎండతో. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది, వేళ్లు కుళ్లడానికి దారి దొరుకుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ మేడ మీద లెట్యూస్ జోలికి పోకపోవడం మేలు. చలికాలంలో లెట్యూస్, పాలకూర, కొత్తిమీర వేసుకుని, వేసవికి డబ్బాలను ఎండ తగలని బాల్కనీలోకి మార్చి పుదీనాతో సరిపెట్టుకోవచ్చు.