గట్టు మీది చదువు



కాంగో దేశపు ఇటూరి అడవిలో ఎంబూటీ అనే జనులున్నారు. అడవినే తల్లిగా, తండ్రిగా భావిస్తారని కాలిన్ టర్న్‌బుల్ 1961లో వెలువరించిన గ్రంథంలో వ్రాశాడు. వలలతో వేటాడి, మాంసం పొరుగు కర్షకులకిచ్చి, బదులుగా అరటికాయలు పుచ్చుకునేవారట. అది చదువుతుంటే నా కన్నులకు కట్టినది మా తెనాలి పొలంగట్టు. దానిపై పొగకుండతో కూర్చున్న యానాది.

యానాదుల పాత నెలవులలో నెల్లూరు సీమలోని శ్రీహరికోట ఒకటి. తేనె, దుంపలు, మూలికలు, చేపలు ఏరుకొని బ్రతికిన జాతి. ఆ బ్రతుకే వారికి నేలను చదవడం నేర్పింది.

1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారి తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు మాగాణులయ్యాయి. వరితో పాటు ఎలుకా పెరిగింది. గట్టున బొరియ తవ్వి, వెన్నులు కొరికి లోపల దాస్తుంది. యానాది తక్కిన కన్నాలు బురదతో మూసి, గడ్డి కాలుతున్న కుండను ఒక కన్నానికి ఆనించి పొగ ఊదుతాడు. దొరికిన ఎలుక కూర అవుతుంది, తవ్వితీసిన వడ్లు అన్నమవుతాయి. రైతుకు పంట దక్కుతుంది. అడవిలో అబ్బిన చూపును మాగాణి ఒక వృత్తిగా మలచింది. ఆ వృత్తి తిరిగి మాగాణిని కాచింది. రేపల్లె దిగువన, నిజాంపట్నం మడ అడవుల వద్ద అదే చూపు పీతల వైపు మళ్లింది.

1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి పేరు ఎరుగని ఇల్లు లేదు. దాని గట్లు కాచినవారిని తలచిన ఇల్లెక్కడ?

నేనూ తలచలేదు. ఒకనాడు తరగతిలో 'ఆటవికులు' అన్న పదానికి 'అనాగరికులు' అని అర్థం చెప్పాను. వెనుక వరుసలో ఒక యానాది బాలుడు తల వంచుకున్నాడు. కోతల నాళ్లలో వాడు బడికి రాడు. పట్టీలో గైర్హాజరు వేసేవాణ్ణి. ఒక సాయంత్రం గట్టు మీద కనిపించాడు. ఒక కన్నం చూపి, ఇందులో ఉందా అని అడిగాను.

"లేదు మాష్టారూ, సాలీడు గూడు కట్టింది చూడండి" అన్నాడు.

నాకా గూడు కనబడనే లేదు.

ఇప్పుడు ఎలుకల మందు వచ్చింది, కోత యంత్రం వచ్చింది. సముద్రం దాపున చాలా మాగాణులు రొయ్యల చెరువులయ్యాయి. ఆ గట్లలో ఎలుక దాచేందుకు వెన్నే లేదు. నేల మారినప్పుడల్లా వారు తమ విద్యను మార్చుకున్నారు. ఈసారి మార్చుకునేందుకు మనం ఏమి మిగిల్చాము? వెన్నెలకంటి రాఘవయ్యగారు వారి సేవకై పాటుపడి, 1962లో వారిపై గ్రంథమే వ్రాశారు. నేను మాత్రం ఒక్క పదానికి అర్థం తప్పుగా చెప్పాను. ఆ తప్పు దిద్దుకుంటున్నాను: ఆటవికుడంటే అడవిని చదువుకున్నవాడు.