పైపర్ ఆల్ఫా నేర్పిన పాఠం



చమురు బావి మంట అనగానే మన కోనసీమ వాళ్లకు పసర్లపూడి గుర్తొస్తుంది. 1995 జనవరి 8న మొదలైన ఆ బ్లోఅవుట్‌ను అదుపు చేయడానికి 65 రోజులు పట్టింది. అంతకు ఆరున్నరేళ్ల ముందు ఉత్తర సముద్రంలో జరిగిన మరో అగ్నిప్రమాదం నేను చేస్తున్న వృత్తి స్వరూపాన్నే మార్చేసింది. స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో కుటుంబంతో ఉంటూ చమురు ప్లాట్‌ఫాంల మీద అత్యవసర భద్రత చూసే ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆ చరిత్రలో మన బడికి కూడా పనికొచ్చే విషయం ఒకటుంది.

ఆబర్డీన్‌కు ఈశాన్యంగా సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో ఉండేది పైపర్ ఆల్ఫా. మొదట చమురు కోసం కట్టిన ఆ ప్లాట్‌ఫాంకు తర్వాత గ్యాస్ యంత్రాలు చేర్చారు. మధ్యనున్న గోడలు మంటను ఆపగలవు కానీ పేలుడును తట్టుకోలేవు. 1988 జూలై 6 రాత్రి అక్కడ 226 మంది ఉన్నారు.

ఆ పగలు ఒక పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వును మరమ్మతుకు తీసి, ఆ చోట మూత బిగించారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. వాల్వు లేదని తెలిపే పర్మిట్ కాగితం రాత్రి షిఫ్టు వాళ్ల కంటపడలేదు. వాళ్లు మొదటి పంపును నడపబోయారు. మూత దగ్గర గ్యాస్ లీకై పది గంటల ప్రాంతంలో పేలింది.

ఆ పేలుడుతోనే కంట్రోల్ రూం పనికిరాకుండా పోయింది. ఏం చేయాలో మైకులో చెప్పేవారే లేకపోయారు. డైవర్లు నీటిలో దిగే వేళల్లో వాళ్ల క్షేమం కోసం మంటలార్పే పంపులను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి ఉంచేవారు. ఆ రాత్రి వాటి దగ్గరికి ఎవరూ చేరలేకపోయారు. చాలామంది నేర్చుకున్న పద్ధతి ప్రకారమే నివాస భాగంలో గుమిగూడి హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. ఆ పొగలో హెలికాప్టర్ దిగే వీలే లేదు. బతికినవారిలో ఎక్కువమంది ఎవరి మాట కోసమూ ఆగకుండా తాళ్లు పట్టుకుని దిగినవారు, సముద్రంలోకి దూకినవారు. 61 మంది బయటపడ్డారు. కాపాడడానికి వెళ్లిన ఇద్దరితో కలిపి 167 మంది చనిపోయారు.

న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990 నవంబరులో 106 సిఫార్సులతో నివేదిక ఇచ్చారు. అన్నిటినీ అంగీకరించారు. 1992లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, ఎక్కడ ఏం చెడిపోవచ్చో, అప్పుడు మనుషులు ఎలా బయటపడతారో ప్లాట్‌ఫాం నడిపేవాళ్లే ముందుగా కాగితం మీద నిరూపించాలి. ఇవాళ నా ఉద్యోగం చాలావరకు అదే. సముద్రం మీదికి వెళ్లే ప్రతి ఒక్కరూ కొలనులో తలకిందులైన హెలికాప్టర్ నమూనాలోంచి బయటపడడం నేర్చుకోవాల్సిందే.

ఈ ఊళ్లో ఈ విషయాలు ఇంట్లో వాళ్లకూ తెలుసు. మా పిల్లలతో చదువుకున్న వాళ్లలో కొందరి తండ్రులు రెండు మూడు వారాలపాటు సముద్రం మీదే ఉండేవారు. హేజిల్‌హెడ్ పార్కులో ఆ 167 మంది స్మారకం ఉంది. పిల్లలను షికారుకు తీసుకెళ్లిన చోటే నా ఉద్యోగం ఎందుకో మా ఇంట్లో అందరికీ అర్థమైంది. నేను డ్యూటీకి బయల్దేరుతుంటే మా ఆవిడ "జాగ్రత్త" అంటుంది. ఆ మాటకు విలువ ఉండాలంటే జాగ్రత్త పడాల్సింది ప్రమాదం రాకముందే.

ఈ సందర్భంగా మన సంఘానికి ఒక విన్నపం. బడికి మనం చేయదలచిన పనుల్లో రెండో మెట్లదారినీ, ఎప్పుడూ తాళం వేయని రెండో గేటునూ చేర్చుదాం. ఏడాదికి రెండుసార్లు పిల్లలందరినీ గ్రౌండులోకి తెచ్చి హాజరు తీసే డ్రిల్లు జరపమని ఉపాధ్యాయులను కోరుదాం. హెడ్‌మాస్టరుగారు సెలవులో ఉన్న రోజు లాంగ్ బెల్ ఎవరు కొట్టాలో ప్యూను నుంచి పదో తరగతి పిల్లల దాకా అందరికీ తెలిసి ఉండాలి. ఇందుకు కావలసిన ప్లాను గీసిచ్చే పని నాది.